పడిపోకుండా ఉండాలంటే ఏది మేలు: పొద్దుటి నడకా, వంటగట్టు పక్కన పది నిమిషాలా?

విజయనగరం అయ్యకోనేరు గట్టు మీదా, శ్రీకాకుళంలోనూ పొద్దున్నే నడిచే పెద్దవాళ్లు చాలామందే. షుగరుకీ గుండెకీ ఆ నడక మంచిది, మానొద్దు. కానీ నిలకడకి అదొక్కటే చాలదు. చదును దారిలో తిన్నగా నడుస్తుంటే తూలి సర్దుకునే పని ఒంటికి పెద్దగా పడదు. మనిషి పడిపోయేది గడప దాటేటప్పుడు, తడి బాత్రూంలో వెనక్కి తిరిగేటప్పుడు. గడప దగ్గర ముందు కాలు కంటికి కనపడుతుంది, దాటేస్తుంది. వెనక కాలు కనపడదు, దాని వేలే తగులుతుంది. ఆ క్షణం బరువంతా ఒంటికాలి మీదే.

అందుకే నిలబడి చేసేదానికే మా ఓటు. వంటగట్టు పక్కన, పొడి నేల మీద, చెప్పులూ మేజోళ్లూ లేకుండా నిలబడండి. మొదట పాదాలు కలిపి 10 సెకన్లు. తర్వాత ఒక పాదం సగం ముందుకి. ఆపైన ముందు పాదం మడమ వెనక పాదం వేళ్లకి తగిలేలా ఒకే గీత మీద. చివర ఒంటికాలు. ఒకటి 10 సెకన్లు కుదిరాకే తర్వాతది. గట్టు మీద ముందు అరచెయ్యి, తర్వాత రెండు వేళ్లు, ఆనక ఒక్క వేలు. ఒకే గీత మీద పట్టు లేకుండా 10 సెకన్లు నిలవలేకపోతే పడే ముప్పు ఎక్కువ ఉన్నట్టు. పాదాల వంక చూస్తే తూలతారు, చూపు ఎదుటి గోడ మీదుండాలి. ఊపిరి బిగబట్టొద్దు. గట్టుకి బదులు ప్లాస్టిక్ కుర్చీ పట్టుకోవద్దు, మనిషి ఒరిగితే అదీ ఒరుగుతుంది.

మోకాళ్ల మీద చేతులాన్చి లేచేవాళ్లు మాత్రం కుర్చీతోనే మొదలెట్టాలి, ముందు తొడల్లో బలం రావాలి. కుర్చీని గోడకి ఆనించి, అంచుకి జరిగి, పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, ముందుకి వంగి లేవాలి. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా. దబ్బున కూలబడితే సగం ఫలితం పోయినట్టే. లేవలేకపోతే మడిచిన దుప్పటి వేసి ఎత్తు పెంచండి. పదేసి చొప్పున రెండు విడతలు. చేతులు ఎదకి కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేస్తున్నారో నెలకోసారి లెక్కేయండి: 70-74 ఏళ్ల ఆడవాళ్లకి 10, మగవాళ్లకి 12 కన్నా తగ్గితే కాళ్లలో బలం తక్కువే.

ఏదైనా వారానికి కనీసం మూడు రోజులు. కొత్తగా కళ్లు తిరుగుతుంటే ముందు డాక్టరు దగ్గరికి. ఉద్దానం వైపు డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఆ రోజు ఇవేవీ పెట్టుకోవద్దు, బీపీ పడిపోయి తూలొచ్చు. మర్నాడు ఒంట్లో బాగుంటే, పక్కన మనిషిని పెట్టుకుని చెయ్యొచ్చు.