గ్రాంఫూ నుంచి కాజాకు: తెర చూపిన దారి, కాలికి తెలిసిన వాగు

హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి నుంచి అటల్ సొరంగం దాటి కోక్సర్ మీదుగా గ్రాంఫూ చేరి, అక్కడ కాజా ఉన్న స్పితి లోయ వైపు తిరిగిన తరువాత బాతల్ వరకు ఉన్న దాదాపు 50 కిలోమీటర్లలో చాలా భాగం చంద్రా నది ఒడ్డున పరచుకున్న బండరాళ్ళే. సెప్టెంబరు మొదటి వారంలో మేము నలుగురము రెండు ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ఆ దారిన వెళ్ళాము. చండీగఢ్‌లో అద్దెకు తీసుకున్న బండిలో పెద్ద జీపీఎస్ తెర ఉంది గాని, స్టెప్నీలో గాలి సగమే ఉందని, జాకీ రాడ్డు అసలు లేదని మనాలిలో సామాను సర్దుతున్నప్పుడు తెలిసింది. అద్దె బండి తీసుకునేవారు తెర కన్నా ముందు ఆ రెండూ చూసుకోవాలని గట్టిగా చెబుతాను.

గ్రాంఫూ, బాతల్‌ల మధ్య ఉన్న ఛత్రు దాటిన తరువాత మధ్యాహ్నం మూడింటికి ఒక వాగు అడ్డు వచ్చింది. ఫోనులో ముందే దింపుకున్న మ్యాపు సిగ్నల్ లేకపోయినా మేమున్న చోటును సరిగ్గానే చూపింది. కాని ఎండకు హిమానీనదం కరిగి మధ్యాహ్నానికి వాగు పొంగుతుందన్న సంగతి అందులో ఎక్కడా కనిపించదు. మా మిత్రుడు ప్యాంటు పైకి మడిచి, చేతికర్రతో లోతు చూసుకుంటూ నాలుగడుగులు వేశాడు. నీళ్ళు మోకాలు దాటాయి, కాలి కింద రాళ్ళు దొర్లుతున్నాయి, ఒకదానికొకటి తగిలే చప్పుడు గట్టుమీద ఉన్న మాకు కూడా వినిపించింది. వెనక్కి తిరిగి ఛత్రులోని దాబాలో పడుకున్నాము. రజాయిలు బరువైనవి, పప్పన్నం వేడిగా పెట్టారు, అంతకు మించి కోరడానికి లేదు. ఉదయం ఆరింటికి అదే వాగు పిక్కల లోతుకు దిగింది. ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంలో ఎక్కువ బలం అందించే అమరికలో) మొదటి గేరు వేసి, మధ్యలో క్లచ్ తొక్కకుండా, యాక్సిలరేటర్ ఒకే తీరుగా పట్టి, చూపు అవతలి గట్టుమీదే నిలిపి దాటాము.

రెండు బండ్ల మధ్య, లైసెన్సు అవసరం లేని 446 మెగాహెర్ట్జ్ చిన్న వాకీటాకీలు బాగా పనికివచ్చాయి, అయితే కొండ మలుపు అడ్డొస్తే మాట తెగిపోయేది. శాటిలైట్ ఫోనుకు మన దేశంలో టెలికమ్యూనికేషన్ల శాఖ అనుమతి తప్పనిసరి కనుక దాన్ని లెక్కలోకి తీసుకోకుండానే ప్రయాణం వేసుకోవాలి. నేను ఎన్నడూ వదలని పరికరం మాత్రం టైర్లకు గాలి కొట్టే చిన్న కంప్రెసర్. రాళ్ళ మీద కుదుపు తగ్గాలని, పట్టు దొరకాలని గాలి కొంత తగ్గించిన తరువాత, తారు రోడ్డు ఎక్కగానే మళ్ళీ నింపకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది.

బాతల్ దాటాక వచ్చే చంద్రతాల్ సరస్సు ఒడ్డున గుడారాలు వేయనివ్వరు. రెండు మూడు కిలోమీటర్ల ఇవతల ఉన్న క్యాంపులలో ఉండాలి. సరస్సు దాదాపు 4,250 మీటర్ల ఎత్తున ఉంది. మనాలి నుంచి ఒక్క రోజులో అక్కడికి చేరి నిద్రపోవడం మంచిది కాదు, వాగు ఆపడం వల్ల ఛత్రులో గడిపిన రాత్రి మా శరీరాలకు మేలే చేసింది. కాజాలో హోమ్‌స్టే శుభ్రంగా ఉంది, మెకానిక్కులున్నారు, మనాలి వదిలాక ఈ దారిలో మొదటి పెట్రోలు బంకు కూడా అక్కడే.