తెలుగు కొట్టడానికి విండోసా, మింటా?

విజయనగరం గంటస్తంభం దగ్గర మా డీటీపీ షాపులో రెండు కంప్యూటర్లు. కొత్తదానిలో విండోస్ 11. పాతదానిలో లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. విండోస్ 10 ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది, 11కి కావాల్సిన టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఆ పాత కంప్యూటర్‌కి లేదు మరి.

తెలుగు టైపింగ్‌లో విండోసే సులువు. సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు), ఫొనెటిక్ (ఇంగ్లిషు అక్షరాలతో పలికినట్టే కొట్టేది) రెండూ దొరుకుతాయి. మింట్‌లో ఇన్‌స్క్రిప్ట్‌కి ఇబ్బంది లేదు కానీ విండోస్‌లో లాంటి ఫొనెటిక్ కావాలంటే ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీలు వేసుకోవాలి. కొత్త కుర్రాడికి అది తలనొప్పే. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, ‘అను’ అనే తెలుగు ఫాంట్ల పాత ఫైళ్లూ విండోస్‌లోనే తెరుస్తాం.

అప్‌డేట్ల దగ్గర మాత్రం నా ఓటు మింట్‌కే. నేను నొక్కేదాకా వేయదు. సిరిమానోత్సవం ఫ్లెక్సీల రద్దీలో ఆ టెన్షన్ లేకపోవడం చాలా పెద్ద సుఖం.

రెండింటిలోనూ నాకు నచ్చనిది ఒకటుంది. ఏ భాషలో ఉన్నామో చూపే గుర్తు కింద మూలన ఉంటుంది, చూపేమో శుభలేఖ మీద. ఇంగ్లిషులో ఉన్నామని గమనించక, ఇన్‌స్క్రిప్ట్‌లో ‘శుభ’ అనుకుని కొడితే ఎం, జీ, వై అని ఇంగ్లిషు అక్షరాలు పడతాయి. మ్యాక్‌లో 2023 నాటి సొనోమా నుంచి, భాష మార్చగానే ఆ గుర్తు కర్సర్ దగ్గరే కనిపిస్తోంది. వీటిలోనూ అలా పెడితే బాగుండు.