రెండో రింగుకే ఎత్తిన ఫోను

తెనాలిలో ఒక డాక్టరమ్మ, ముగ్గురు నర్సులు నడుపుకొస్తున్న చిన్న ప్రసూతి ఆసుపత్రి ఇది. మంచితో పాటు చెడు కూడా రాస్తున్నాను కనుక పేరు రాయడం లేదు. ఐదులో నాలుగు స్టార్లు. అందులో రెండు అచ్చంగా ఆ రాత్రి ఫోను ఎత్తిన సిస్టర్‌వే.

అప్పటికి నాకు తొమ్మిదో వారం. సాయంత్రం కాఫీ డికాషన్ రంగులో చిన్న మరక కనిపించింది. "మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు నాకూ కనిపించింది, కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకో" అన్నారు అత్తయ్య. ఆమె అన్నది అబద్ధమేమీ కాదు, అలా మరక కనిపించిన చాలామందికి గర్భం నిలుస్తుంది. కానీ పది దాటాక రంగు ఎర్రబడింది, పొత్తికడుపు నెలసరి నొప్పిలా పట్టేసింది. పొద్దున వరకూ ఆగవచ్చా, ఇప్పుడే బయలుదేరాలా? నాకు కావలసింది ఆ ఒక్క జవాబే.

సిస్టర్ నాకు ధైర్యం చెప్పలేదు, ప్రశ్నలు అడిగింది. ప్యాడ్ ఎంతసేపటికి తడుస్తోంది? గడ్డలు పడుతున్నాయా? నొప్పి మధ్యలోనా, ఒక పక్కనేనా? భుజం దగ్గర నొప్పి ఉందా? కళ్ళు తిరుగుతున్నాయా? జ్వరం ఉందా? రక్తం గ్రూపు ఏమిటి? కడుపు సంగతి చెబుతుంటే భుజం గోల ఏమిటని విసుక్కున్నాను. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలిచి అది చిట్లితే, లోపల చేరిన రక్తం వల్ల భుజం కొసన నొప్పి పుడుతుందట. అప్పుడు తల్లి ప్రాణానికే ముప్పు, ఇక ఆగకూడదట.

"గంటకు రెండు ప్యాడ్లు చొప్పున రెండు గంటలు తడిసినా, కళ్ళు తిరిగినా, ఒక పక్కన నొప్పి పొడిచినట్టు వచ్చినా వెంటనే వచ్చేయమ్మా. అవేవీ లేకపోతే పొద్దున ఎనిమిదికి స్కానింగ్. నీది ఓ నెగటివ్ కాబట్టి, రక్తం ఆగిపోయినా రావడం మానకు" అంది. మా ఆయన అదంతా కరెంటు బిల్లు వెనక రాసుకున్నారు.

పొద్దున స్కానింగ్‌కు ముందు, ఆడో మగో తెలుసుకోవాలని లేదంటూ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. 1994 నాటి చట్టం, తప్పదు, అవసరం కూడా. కానీ గుండె కొట్టుకుంటోందో లేదో తెలియక వణుకుతున్న చేత్తో ఆ సంతకం పెట్టడం ఎలా ఉంటుందో పెట్టినవాళ్ళకే తెలుసు. స్కానింగ్ చేసిన ఆయన తెర తనవైపు తిప్పుకుని ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇక్కడ అర స్టారు పోయింది.

డాక్టరమ్మ మాత్రం దాచలేదు. పిండం ఐదు మిల్లీమీటర్లు ఉంది, గుండె కనిపించడం లేదు. "ఏడు మిల్లీమీటర్లకు వచ్చినా కనిపించకపోతే అప్పుడు పోయిందంటాను. ఐదు దగ్గర ఏమీ తేల్చను, వారం తర్వాత రండి" అన్నారు. ఆ వారం ఎలా గడిచిందో రాయను. రెండో స్కానింగ్‌లో పిండం పెరగలేదు, గుండె లేదు. దానంతట అదే పోయేదాకా ఆగడమా, మాత్రలా, శుభ్రం చేయించడమా అని నన్నే అడిగారు. మాత్రలన్నాను. నాది నెగటివ్ గ్రూపు కనుక, వచ్చే కాన్పులో బిడ్డ రక్తానికి ఇబ్బంది రాకుండా యాంటీ-డి ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. బ్యాంకుకు స్కూటీ మీద వెళ్ళడం వల్లేనా అని అడిగితే, తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల లోపం వల్లేనని, స్కూటీకీ బొప్పాయికీ ఇందులో సంబంధం లేదని అత్తయ్య వినేలా చెప్పారు. అడగకుండానే సర్టిఫికెట్ రాసిచ్చారు. గర్భస్రావం తర్వాత ఆరు వారాల జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉందని మా ఆఫీసులో నేను చూపిస్తేగాని తెలియలేదు.

మిగతా అర స్టారు వరండా బెంచీకి పోయింది. రెండుసార్లూ నన్ను టీకాలకు వచ్చిన పసిపిల్లల తల్లుల మధ్యే కూర్చోబెట్టారు. లోపల ఒక గది ఖాళీగానే ఉంది.

స్కానింగ్‌కు వెయ్యి, కన్సల్టేషన్‌కు నాలుగు వందలు తీసుకున్నారు. మందుల షాపులో ఫోన్‌పే పనిచేయదు, చిల్లర ఉంచుకోండి. రాత్రి పది దాటితే ముందు షట్టర్ వేసేస్తారు. పక్క సందులో నీలం తలుపు దగ్గర గంట ఉంటుంది, గట్టిగా నొక్కాలి.