యుద్ధం లేని మహాభారతం: పాత డీవీడీలు లాట్‌గా కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

ఒళ్ళు మండిపోతోంది. కోపం చల్లారాక నిదానంగా రాద్దామంటే, ఈలోగా ఆ డీవీడీలమ్మే ఆయన స్టేటస్‌లో పెట్టిన కొత్త లాట్‌కి, అంటే ఒకే రేటుకి కట్టగట్టి అమ్మే సరుకుకి, మీలో ఎవరో ఒకరు డబ్బు కొట్టేస్తారు. అందుకే ఇప్పుడే రాస్తున్నా. అచ్చుతప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

పేరు చెప్పక్కర్లేదు. పాత తెలుగు డీవీడీలు, వీసీడీలు (సినిమా ఎక్కించిన సీడీలు) పోగేసే పిచ్చి ఉన్నవాళ్ళందరి ఫోన్లలోనూ ఆయన నంబరు ఉంటుంది. మూతబడ్డ సీడీ షాపుల సరుకంతా ఎత్తేసి, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి, "ముందొచ్చిన వాళ్ళకే అన్నా, రేటు ఫిక్స్" అంటాడు చూడండి, ఆయనే. ప్రతి ఫొటో కిందా ఓ దండం బొమ్మ, "ఒరిజినల్ ఓన్లీ" అన్న ముక్క. ఇదివరకు ఆయన దగ్గర ఒకటీ అరా తీసుకున్నా, బాగానే వచ్చాయి. గాలానికి గుచ్చే వానపాము ఎప్పుడూ అసలుదే కదా.

ఈసారి లాట్. ముప్పై దాకా డీవీడీలు, ఓ సంచెడు వీసీడీలు, వీటన్నిటి మీదా దూరదర్శన్ మహాభారతం పూర్తి బాక్సు. అంతా కలిపి 3,800. బాక్సు ఫొటో చూశాక మిగతావి నా కళ్ళకి ఆనలేదు. బి.ఆర్. చోప్రా మహాభారతం, 94 భాగాలు, 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా ఆదివారం పొద్దున వచ్చింది. మా నాన్నకి హిందీ ఒక్క ముక్క రాదు, అయినా ఒక్క వారం వదల్లేదు. కథ తెలిసినవాడికి భాషెందుకురా అనేవాడు. ఇప్పుడాయనకి స్మార్ట్ టీవీలో వెతుక్కోవడం రాదు, రాదని ఒప్పుకోడు కూడా. డీవీడీ ప్లేయరైతే ట్రే బయటికొస్తుంది, డిస్కు పెడతాం, లోపలికెళ్తుంది, బొమ్మ పడుతుంది. ఆయన అడిగేది అంతే.

యూపీఐలో 3,800 కాదు, 4,000 కొట్టాను. ప్యాకింగ్ బాగా చెయ్యన్నా, మిగిలింది టీ ఖర్చులకి ఉంచుకో అని మెసేజ్ కూడా పెట్టాను. ఈ వాక్యం రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఆర్టీసీ కార్గోలో వచ్చింది. అట్టపెట్టె నిండా బ్రౌన్ టేపే, కోయడానికి కూరగాయల కత్తి కావాల్సి వచ్చింది. విప్పితే గుప్పున కలరా ఉండల వాసన. పైన పేర్చిన కేసులు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. బొమ్మల కాగితాలు అసలువే, వాటి మీద అద్దె షాపు వాళ్ళ పాత స్టిక్కర్లు, "రోజుకు రూ. 10" అని. సంతోషంగా ఒక కేసు తెరిచి డిస్కు తిరగేశాను. అడుగు ఊదా రంగు. రెండోది తీశాను. ఊదా. మూడోది కూడా.

తెలియనివాళ్ళ కోసం ఓ మాట. ఫ్యాక్టరీలో అచ్చుగుద్దిన డిస్కు అడుగు వెండిలా ఉంటుంది. దాంట్లో సమాచారం ప్లాస్టిక్‌లోనే సన్నటి గుంటలుగా పడి, దాని మీద అల్యూమినియం పూత ఉంటుంది. కంప్యూటర్లో రాసుకునే డీవీడీ-ఆర్‌లో ఆ గుంటలుండవు, రంగు పొర ఉంటుంది. ఊదా కనిపించేది అదే. ఎండకీ వేడికీ ఆ పొర పాడైపోతుంది. మన ఊళ్ళ మే నెలలో ఏ రేకుల షెడ్డులోనో పడున్న డీవీడీ-ఆర్ మీద ఆశ పెట్టుకోవద్దు. అదే అచ్చుగుద్దిన డిస్కయితే, జాగ్రత్తగా దాచుకుంటే మనవళ్ళు కూడా చూస్తారు. డబ్బు పోసి కొనేది ఆ తేడా కోసమే. ఖాళీ డిస్కు మీద ఎక్కించుకునేదైతే నాకూ కంప్యూటరుంది, ఆయనెందుకు మధ్యలో?

వాటిని ప్లేయర్లో వేసి చూద్దును కదా, అసలు వినోదం అప్పుడు మొదలైంది. తెలుగులో మొట్టమొదటి సినిమాస్కోప్ సినిమా అల్లూరి సీతారామరాజు, 1974ది. ఆ వెడల్పు తెర కోసమే ఆ కేసు చూసి మురిసిపోయాను. లోపల ఉన్నది టీవీలో వచ్చినప్పుడు రికార్డు చేసింది. రెండు పక్కలా కోసేసి చతురస్రం చేశారు, మూల ఛానల్ ముద్ర, కింద వరసగా పాకే చీరల షోరూం ప్రకటన. ఇంకో కేసు మీద జానపద హీరో కత్తి ఝుళిపిస్తున్నాడు, లోపల ఎవరింట్లోదో బారసాల. నిజంగా. పాపని ఉయ్యాల్లో వేస్తున్నారు, వెనక సన్నాయి, కెమెరా అతను అందరినీ ఇటు చూడమంటున్నాడు. పాపం ఆ ఇంటివాళ్ళు ఆ డిస్కు కోసం ఎక్కడెక్కడ వెతుక్కుంటున్నారో. దాన్ని విడిగా తీసి పెట్టాను.

వీసీడీల సంగతి ఇంకోరకం. ఒక్కో డిస్కులో గంటంపావుకి కాస్త అటూ ఇటూగా పడుతుంది కాబట్టి మన సినిమాలు రెండేసి డిస్కులు, పెద్దవైతే మూడు. నాకొచ్చిన వాటిలో చాలా కేసుల్లో ఒకటో డిస్కే రెండుసార్లు ఉంది. విశ్రాంతి కార్డు పడుతుంది, డిస్కు మారుస్తాం, మళ్ళీ టైటిల్స్.

ఒక్క మోసర్ బేర్ డిస్కులు మాత్రం అసలువే. 2007 ప్రాంతంలో వాళ్ళు వీసీడీ 28, డీవీడీ 34 రూపాయలకి దించి మార్కెట్ మొత్తాన్ని తలకిందులు చేశారు, గుర్తుందా? ఆ పల్చటి కేసులే. 34 రూపాయల సరుకుకి దొంగ నకలు తీస్తే ఖాళీ డిస్కు ఖర్చూ గిట్టదని వదిలేసి ఉంటాడు. రేటు మాత్రం ఒక్కోదానికి 120 వేశాడు. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి వెళ్ళిపోయింది, ఇక అవి మళ్ళీ రావు కాబట్టి సరేలెమ్మని ఆ ధర ఒప్పుకున్నా.

ఇక బాక్సు. పైనుంచి చూస్తే అన్ని అరలూ నిండుగా ఉన్నాయి. మొదటి డిస్కులు వెండి రంగు, అచ్చు చక్కగా ఉంది, ఒరిజినలే. హమ్మయ్య అనుకున్నా. నాన్నకి మొదటిది పెట్టి, ఆయన శంతనుడి దగ్గర కూర్చున్నాక, నేను పక్కన మిగతావి లాప్‌టాప్‌లో ఒక్కొక్కటే వేసి చూస్తున్నా. జూదం ఉంది. వనవాసం ఉంది. విరాటపర్వం ఉంది. కృష్ణుడు రాయబారానికి బయల్దేరాడు. తర్వాతి అరలో డిస్కు తీసి చూస్తే దాని మీద ప్రింటర్ బొమ్మ.

ప్రింటర్ కొంటే దాంతోపాటు ఇచ్చే డ్రైవర్ సీడీ అది. దాని తర్వాతి అరలో స్పోకెన్ ఇంగ్లిష్ ముప్పై రోజుల్లో, భాగం రెండు. తర్వాత ఓ మొబైల్ కంపెనీ రింగ్‌టోన్ల సీడీ. ఆఖరి అరలో గీతలు పడ్డ ఖాళీ డిస్కు, ప్లేయర్ కూడా దాన్ని గుర్తుపట్టలేదు. ఉద్యోగపర్వం సగంలో తెగింది. భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య పర్వాలు లేవు. గీత లేదు. అభిమన్యుడు లేడు. అరలు ఖాళీగా ఉంటే ఫొటోలో తెలిసిపోతుందని, గుండ్రంగా దొరికిందల్లా కుక్కి పంపాడన్నమాట. ఇది పొరపాటని ఎవరైనా అంటే నేనొప్పుకోను. కూర్చుని, ఏరి, ఒక్కో అరలో ఒక్కోటి పెట్టిన పని ఇది.

ఫోన్ చేశాను. మొదట ఎత్తలేదు. ఇంకో నంబరు నుంచి చేస్తే ఎత్తాడు.

"అన్నా, మహాభారతంలో చివరి డిస్కులు లేవన్నా."

"చూసే వేశానన్నా, ఫుల్ బాక్స్."

"ప్రింటర్ సీడీ వచ్చిందన్నా."

"అది నీకు ఫ్రీ."

నేను నవ్వలేదు. యుద్ధం మొత్తం లేదన్నా, రాయబారం దగ్గర ఆగిపోయింది, డబ్బు తిరిగివ్వండి, లేకపోతే ఆ డిస్కులన్నా పంపండి అన్నాను. ఇంతా జరిగాక కూడా "అండి" అన్నాను చూడండి, మా అమ్మ పెంపకం అలాంటిది. అప్పుడన్నాడు ఆ మాట:

"అయినా యుద్ధంలో ఏమైందో నీకు తెలీదా అన్నా? పాండవులే గెలుస్తారు. కథ తెలిసిందే కదా, ఇంక చూసేదేముంది?"

వెనక ఇద్దరు ముగ్గురు ఒక్కసారిగా నవ్వారు. ఫోన్ స్పీకర్లో పెట్టాడు. అంటే నా కంటే ముందు కూడా ఎవరో ఇలా ఫోన్లు చేసే ఉంటారు, వీళ్ళకది సాయంకాలం కాలక్షేపం. నాకు నోట మాట రాలేదు. ఏం అనాలో ఇప్పుడు వరసగా తడుతోంది. "మరి డబ్బెవరిదో కూడా తెలిసిన కథే కదా, ఇచ్చెయ్" అనాల్సింది. అప్పుడు తట్టదు.

తర్వాత గొంతు మార్చాడు. "నాలుగు వేలకి ఏమొస్తుందనుకున్నావ్ నువ్వు? యూట్యూబ్‌లో ఫ్రీగా ఉంది, పోయి చూస్కో. ఈ రోజుల్లో డీవీడీలు కొనేవాడు నువ్వొక్కడివే" అని పెట్టేశాడు. వెంటనే వాట్సాప్‌లో బ్లాక్. ఒక్క టిక్కు, బొమ్మ మాయం. అంతవరకూ అక్కడున్న బొమ్మ ఏమిటంటే గీతోపదేశం. రథం, గుర్రాలు, అర్జునుడు చేతులు జోడించి. నాకు పంపని డిస్కులోది.

యూట్యూబ్ మాట కొందరు మీరూ అంటారని తెలుసు, జవాబు చెప్పేస్తున్నా. సినిమాస్కోప్‌కి ముందు కాలం సినిమాలు దాదాపు 4:3 చట్రంలో తీసినవి. ఇప్పుడు టీవీ నిండా రావాలని పైనా కిందా కోసి ఎక్కిస్తున్నారు. ఎన్టీవోడి కిరీటం ఉండదు, నాట్యం చేసే మనిషికి పాదాలుండవు. కూచిపూడి పాదాలు లేకుండా చూడ్డమేంటండీ? ఇవాళ ఉన్న సినిమా హక్కుల గొడవతో రేపు మాయమవుతుంది. అరలో ఉన్న డిస్కుని ఎవడూ తీసెయ్యలేడు. అదీ నా పిచ్చి, ఎవరికీ అప్పులేను.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. యూపీఐ లావాదేవీ నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ దాచుకున్నందుకు పని తేలికైంది. డబ్బొస్తుందన్న ఆశ పెద్దగా లేదు, కానీ వాడి నంబరు అక్కడ నమోదైతే చాలు.

సరే, జాగ్రత్తలు. కేసు ఫొటో చూసి డబ్బు పంపకండి, ప్రతి డిస్కూ తిరగేసి అడుగు చూపించమనండి, వీడియో కాల్లో. ఊదా, నీలం కనిపిస్తే వదిలెయ్యండి. లేత బంగారు ఛాయ ఉంటే భయపడకండి, అది రెండు పొరల డీవీడీ, 8.5 జీబీది, అచ్చు డిస్కే. మధ్య చిల్లు చుట్టూ ఉన్న వలయంలో సన్నటి అక్షరాలు, నంబర్లు ఉంటాయి, అవి దగ్గరగా చూపించమనండి. కేసు వెనక సెన్సార్ సర్టిఫికెట్, వీడియో తీసినవాళ్ళ పేరూ చిరునామా ఉండాలని కాపీరైట్ చట్టం 52ఎ సెక్షనే చెబుతోంది, అవి లేనిదాన్ని ముట్టుకోకండి. ఉన్నంత మాత్రాన లోపలిది అసలుదని కూడా కాదు, నా కేసులన్నిటికీ ఉన్నాయి. వీసీడీ అయితే దీపానికి ఎత్తి పట్టి చూడాలి. సూదిమొన చుక్కల్లా వెలుతురు కనిపిస్తే పైపూత రాలిపోయినట్టే. వీసీడీకి గీత అడుగున పడ్డదానికంటే బొమ్మ వైపు పడితే ఎక్కువ ప్రమాదం, అక్కడ లక్క పొర తప్ప కాపుదల లేదు. డీవీడీకి ఆ భయం తక్కువ, సమాచారం రెండు పలకల మధ్య ఉంటుంది. సీరియల్ బాక్సులైతే మొదటి డిస్కు కాదు, ఆఖరి డిస్కు పెట్టి ఆడించి చూపించమనండి. పార్సిల్ విప్పేటప్పుడు టేపు కోయడం నుంచీ వీడియో తీసుకోండి.

హైదరాబాదు వాళ్ళయితే ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాల వాళ్ళ మధ్య ఒకరిద్దరు డిస్కులు కూడా పరుస్తారు. ఎండలో నిలబడాలి, బేరమాడాలి, కానీ డిస్కు చేతిలో పట్టుకుని తిరగేసి చూసుకోవచ్చు.

ఇంకో సంగతి. మా నాన్న ఇప్పుడు లక్క ఇల్లు దాటాడు, రోజుకి రెండు భాగాల లెక్కన చూస్తున్నాడు. యుద్ధం డిస్కులు లేవని ఇంకా చెప్పలేదు. ఆ బాక్సులో రాయబారం తర్వాతి డిస్కులు ఎవరి దగ్గరైనా విడిగా ఉంటే దయచేసి చెప్పండి, అడిగినంత ఇస్తాను. అడుగు ఫొటో పంపాకే.