రైజింగ్ ఎడ్జా, ఫాలింగ్ ఎడ్జా: ఇంటరప్టుకు ఏది మేలు?

పిన్ను మీద వోల్టేజి లేచే క్షణం రైజింగ్ ఎడ్జ్, పడే క్షణం ఫాలింగ్ ఎడ్జ్; అది రాగానే మైక్రోకంట్రోలర్ చేస్తున్న పనిని ఆపి దాని సంగతి చూడడమే ఇంటరప్ట్. మైక్రోకంట్రోలర్ మట్టుకు ఈ రెండు ఎడ్జ్‌లూ సమానమే. ఆర్డువినో ఉనోలోని ఏటీమెగా328పీ చిప్‌లో ఎడ్జ్‌ను ఎంచే ఐఎస్‌సీ01, ఐఎస్‌సీ00 బిట్లకు 10 రాస్తే ఐఎన్‌టీ0 పిన్ను వోల్టేజి పడినప్పుడు, 11 రాస్తే లేచినప్పుడు ఇంటరప్ట్ వస్తుంది; వేగంలో ఒకటి మరొకదానికి తీసిపోదు. కాబట్టి ఎంపికను తేల్చేది పిన్నుకు బయట ఉన్న సర్క్యూటే. ఏ ఎడ్జ్‌ను స్విచ్చో ట్రాన్సిస్టరో బలంగా లాగుతున్నదో, ఏ ఎడ్జ్ కేవలం రెసిస్టర్ మీద ఆధారపడి మెల్లగా వస్తున్నదో ముందు చూడాలి.

పుల్‌అప్ రెసిస్టర్‌తో (పిన్నును మామూలుగా పై వోల్టేజికి లాగి ఉంచేది) కలిపిన బటన్‌ను నొక్కితే పిన్ను నేరుగా గ్రౌండుకు కలుస్తుంది గనుక ఫాలింగ్ ఎడ్జ్ నిటారుగా ఉంటుంది. వదిలినప్పుడు మాత్రం 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ గుండా 100 నానోఫారడ్ కెపాసిటర్ నిండవలసి వస్తే టైమ్ కాన్‌స్టాంటే (నిండే వేగాన్ని తెలిపే కాలం) 1 మిల్లీసెకను అవుతుంది. అంత నిదానంగా లేచే వోల్టేజికి నాయిస్ తోడైతే ఒకే సంఘటనకు రెండు మూడు ఇంటరప్టులు రావచ్చు. ఏ3144 వంటి ఓపెన్ కలెక్టర్ (పిన్నును కిందికి మాత్రమే లాగగలిగే) హాల్ సెన్సర్లకూ, అంటే అయస్కాంతాన్ని పసిగట్టే సెన్సర్లకూ, ఇదే వర్తిస్తుంది. ఇలాంటి చోట ఫాలింగే మేలు. అయితే ఫాలింగ్ ఎంచుకున్నంత మాత్రాన నొక్కినప్పుడే ఇంటరప్ట్ వస్తుందన్న భరోసా లేదు. వదిలేటప్పుడు కూడా బటన్ కాంటాక్టులు అదురుతాయి, ఆ అదురులోనూ ఫాలింగ్ ఎడ్జ్‌లు ఉంటాయి. డీబౌన్సింగ్, అంటే ఈ అదురును వడకట్టడం, ఎలాగూ తప్పదు.

డీఎస్3231 గడియారం చిప్ అలారం పిన్ను కూడా ఓపెన్ డ్రెయినే (ఓపెన్ కలెక్టర్ లాంటిదే), కనుక ఫాలింగే తగినది. కానీ అలారం ఫ్లాగ్‌ను చెరిపేదాకా ఆ పిన్ను కిందనే ఉండిపోతుంది, తరువాతి అలారానికి కొత్త ఎడ్జ్ రాదు. ఒకే తీగను రెండు మూడు చిప్‌లు పంచుకున్నప్పుడు ఈ చిక్కు ఇంకా ముదురుతుంది; అక్కడ ఎడ్జ్‌ను వదిలి లో లెవెల్ ఇంటరప్ట్ (పిన్ను కింద ఉన్నంతసేపూ వచ్చేది) పెట్టుకోవడమే క్షేమం.

రైజింగ్ ఎడ్జ్ నెగ్గే సందర్భాలూ ఉన్నాయి. చలనాన్ని కొలిచే ఎంపీయూ-6050 చిప్ ఇంటరప్ట్ పిన్ను మొదటి అమరికలో పుష్ పుల్ (పైకీ కిందికీ తానే బలంగా లాగేది), యాక్టివ్ హై (కబురుంటే పైకి లేచేది); కొలత సిద్ధం కాగానే 50 మైక్రోసెకన్ల పల్స్ ఇస్తుంది. కదలికను పసిగట్టే హెచ్‌సీ-ఎస్ఆర్501కు ఫాలింగ్ పెడితే, పెట్టుకున్న వ్యవధి ముగిసి అవుట్‌పుట్ పడినప్పుడు గాని కబురు అందదు. ఈలోగా దొంగ గోడ దూకేసి ఉంటాడు.

అల్ట్రాసోనిక్ సెన్సర్ హెచ్‌సీ-ఎస్ఆర్04 దూరాన్ని పల్స్ వెడల్పుగా, సెంటీమీటరుకు సుమారు 58 మైక్రోసెకన్ల చొప్పున చెబుతుంది గనుక దానికి రెండు ఎడ్జ్‌లూ కావాలి. చక్రం వేగాన్ని కొలిచేటప్పుడు మాత్రం ఒకే ఎడ్జ్‌కు కట్టుబడాలి, ఎందుకంటే పల్స్ పైన ఉండే సమయమూ కింద ఉండే సమయమూ సాధారణంగా సమానంగా ఉండవు.

ప్రోగ్రామ్ నడుస్తుండగా ఎడ్జ్ మార్చాలనుకుంటే ముందు ఆ ఇంటరప్ట్‌ను ఆపి, బిట్లు మార్చి, ఇంటరప్ట్ ఫ్లాగులుండే ఈఐఎఫ్ఆర్ రిజిస్టర్‌లోని దాని ఫ్లాగ్‌కు 1 రాసి చెరిపిన తరువాతే మళ్లీ అనుమతించాలి. లేకుంటే ఆ మార్పు వల్లనే ఒక దొంగ ఇంటరప్ట్ పుట్టుకురావచ్చు.