‘కోర్టు స్టెనో ఫుల్ కిట్’ కొనేముందు డిక్రీ, డిగ్రీ పక్కపక్కన పెట్టి చూడండి

నెల్లూరు, ఒంగోలు వైపు వాట్సాప్ గ్రూపుల్లో కోర్టు స్టెనో కిట్ ఒకటి తిరుగుతోంది. ధర 4,500 రూపాయలు. థియరీ పుస్తకం, లీగల్ ఔట్‌లైన్ల (కోర్టు మాటలకు షార్ట్‌హ్యాండ్ రూపాల) పుస్తకం, ‘120 స్పీడు’ (నిమిషానికి 120 మాటలు) డిక్టేషన్ ఆడియోల పెన్‌డ్రైవు, తెలుగు అర్థాలతో లా పదకోశం ఇస్తారు. మూడు నెలల్లో షార్ట్‌హ్యాండ్ హయ్యర్ పరీక్ష పాసు గ్యారంటీ అట. సీలు తీశాక వాపసు లేదు, మార్పిడీ లేదు. డబ్బు కట్టకముందే నాలుగు పేజీలు ఫొటో తీసి పంపమనండి, ఒక ఆడియో వినిపించమనండి. ఏం చూడాలో కింద రాస్తున్నాం.

ముందు ఔట్‌లైన్ల పుస్తకం. అది జిరాక్సుకు జిరాక్సు. వేరే పుస్తకమైతే సర్దుకోవచ్చు, పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్‌లో కుదరదు. ఇక్కడ గీత మందమే అక్షరం: పి సన్నం, బి మందం, టి సన్నం, డి మందం, కె సన్నం, జి మందం. ఇంకు పాకి అన్నీ ఒకే లావుకు వచ్చేశాయి. ‘డిక్రీ’కీ ‘డిగ్రీ’కీ తేడా కె, జి మందంలోనే ఉంది. ఈ పుస్తకంలో రెండూ కవలపిల్లలే. ‘డిపోజ్డ్’ అంటే సాక్షి చెప్పాడని, ‘డిస్పోజ్డ్’ అంటే కేసు తేలిపోయిందని. రెండోదాంట్లో డి, పి మధ్య ఎస్‌కు గుర్తుగా చిన్న సున్నా ఉండాలి, అది గీతలో కలిసిపోయింది. అంతకన్నా ఘోరం, రూలు గీతే మాయం. ఔట్‌లైను గీతకు పైనుందా, మీదుందా, గీతను కోస్తూ ఉందా అన్నదే మొదటి అచ్చుకు గుర్తు. గీత లేని పేజీ చూసి నేర్చుకుంటే తిరిగి చదివేటప్పుడు ఊహే మిగులుతుంది.

థియరీ పుస్తకం సగం న్యూ ఎరా, సగం పిట్‌మన్ 2000. రెండూ పిట్‌మన్‌లోనే వేర్వేరు పద్ధతులు. రెండో పద్ధతిలో షార్ట్ ఫామ్‌లు (తరచూ వచ్చే మాటలకు కుదించిన రూపాలు) బాగా తక్కువ. రెండూ కలిపి నేర్చుకుంటే ఒకే మాటకు చేతిలో రెండు రూపాలు తయారవుతాయి. 120 స్పీడంటే సెకనుకు రెండు మాటలు. ఏది రాద్దామా అని ఒక్క సెకను తటపటాయిస్తే రెండు మాటలు పోయినట్టే.

ఆడియోల సంగతి లెక్కతోనే తేలుతుంది. ‘120’ అని పేరుపెట్టిన ఏడు నిమిషాల ఫైలులో 840 మాటలుండాలి. లెక్కపెడితే 637. అంటే 91 స్పీడు! మరికొన్ని 80 స్పీడు రికార్డింగును యాప్‌లో పరుగెత్తించినవి. గొంతు కీచుగా ఉంటుంది, మాటల మధ్య విరామాలు నలిగిపోయి ఎక్కడ ఫ్రేజు కలపాలో (ఏ మాటలు కలిపి ఒకే రూపంగా రాయాలో) చెవికి అందదు. పాఠంలో పావు నిమిషం గుర్తులు చూడండి: 80కి 20 మాటలు, 100కి 25, 120కి 30. గుర్తులే లేకపోతే ఆ ఫైలు ఏ స్పీడో అమ్మినవాడికీ తెలియదు.

ఇక పదకోశం. యంత్రంతో అనువదించి అచ్చేశారు. ‘సెంటెన్స్’కు శిక్ష బదులు వాక్యం, ‘కన్సిడరేషన్’కు ప్రతిఫలం బదులు పరిగణన. సెక్షన్లన్నీ ఐపీసీ, సీఆర్‌పీసీవే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు బీఎన్ఎస్, సీఆర్‌పీసీ బదులు బీఎన్ఎస్ఎస్, సాక్ష్య చట్టం బదులు బీఎస్ఏ అమల్లో ఉన్నాయి. హత్య 302 పోయి 103 అయింది, మోసం 420 పోయి 318(4) అయింది. 482 మరీ ప్రమాదం: పాత సీఆర్‌పీసీలో అది హైకోర్టు స్వతఃసిద్ధ అధికారం, బీఎన్ఎస్ఎస్‌లో ముందస్తు బెయిలు. పాత కేసులు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి రెండు నంబర్లూ నోటికి రావాలి.

డిక్టేషన్ పాఠాల్లో ఎగ్జిబిట్ల (కోర్టులో దాఖలైన పత్రాల) నంబర్లు ఢిల్లీ కోర్టుల తీరులో ‘పీడబ్ల్యూ1/ఎ’ అని ఉన్నాయి. మన దగ్గర సివిల్‌లో వాదివి ఎ1, ఎ2, ప్రతివాదివి బి1, బి2. క్రిమినల్‌లో ప్రాసిక్యూషన్‌వి పి, డిఫెన్సువి డి. ప్రామిసరీ నోటు దావా, భాగపంపకం, 138 సెక్షన్ చెక్ బౌన్సు కేసు, హైవే యాక్సిడెంటు క్లెయిము, రొయ్యల చెరువు లీజు, చీమకుర్తి గ్రానైటు లావాదేవీ... ఇక్కడి కోర్టుల్లో చెవినపడే మాటలు ఇవి. కిట్‌లో ఒక్కటీ లేదు, పార్లమెంటు ప్రసంగాలు మాత్రం దండిగా ఉన్నాయి.

వీటికి డబ్బు పెట్టక్కర్లేదు కూడా. ఈ-కోర్ట్స్ సైటులో మన జిల్లా కోర్టుల తీర్పులు ఉచితంగా దిగుతాయి. ఇంగ్లిషు తీర్పు ఒకటి ప్రింటు తీసి, ప్రతి 20 మాటలకు ఒక అడ్డగీత పెట్టి, ఇంట్లో ఎవరినైనా గడియారం చూస్తూ పావు నిమిషానికొక గీత దాకా చదవమనండి. అది 80 స్పీడు. తప్పులు రెండు శాతం లోపుకు వచ్చాకే 25కు జరపండి.

ఇప్పటికే కొన్నవాళ్లు యూపీఐ రసీదు, గ్యారంటీ అని రాసిన మెసేజీ స్క్రీన్‌షాటు, మసకబారిన పేజీల ఫొటోలు దాచుకోండి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. పెన్‌డ్రైవులో ఫైళ్లు చెరపకండి, 637 మాటల లెక్కకు సాక్ష్యం అదే.