కాంజుగేట్ గ్రేడియంట్: ఏళ్ల తరబడి వాడాక

వేడి ఒక వస్తువులో ఎలా పాకుతుందో, బరువు పడితే అది ఎంత వంగుతుందో లెక్కగట్టే ప్రోగ్రాములు రాయడం నా పని. వీటిలో టైమంతా తినేసేది ఒకే ఒక్క మెట్టు: లక్షల సరళ సమీకరణాల్ని కలిపి సాధించడం. దానికి ఏళ్లుగా నేను వాడుతున్నది కాంజుగేట్ గ్రేడియంట్, 1952లో హెస్టెనెస్, స్టీఫెల్ ప్రచురించిన పద్ధతి. ఒక అంచనాతో మొదలుపెట్టి విడతలవారీగా (ఒక్కో విడత ఒక ఇటరేషన్) జవాబుకి దగ్గరవుతుంది. దాని మీద నాకు పెద్దగా ఫిర్యాదుల్లేవు. గొడవంతా దానికి తోడుగా పెట్టాల్సిన ప్రీకండిషనర్‌తోనే, అంటే సమీకరణాల్ని తేలిక రూపంలోకి మార్చి ఇటరేషన్లు తగ్గించే సాధనంతోనే.

2డి లెక్కలకైతే దీని జోలికి రానక్కర్లేదు. స్పార్స్ డైరెక్ట్ సాల్వర్‌కి (ఎక్కువగా సున్నాలే ఉన్న మాట్రిక్స్‌ని, అంటే సమీకరణాల గుణకాల పట్టికని, ఇటరేషన్లు లేకుండా నేరుగా సాధించే ప్రోగ్రాముకి) ఇచ్చేయండి, ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే జవాబు వచ్చేస్తుంది. 3డిలో అలా కుదరదు. మెష్‌ని (వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టే వలని) ప్రతి దిక్కులోనూ రెట్టింపు సన్నగా చేస్తే చలరాశులు 8 రెట్లవుతాయి. సమీకరణాల వరుసను ఎంత తెలివిగా మార్చినా డైరెక్ట్ పద్ధతికి మెమరీ సుమారు 16 రెట్లు, పని 64 రెట్లు పెరుగుతాయి. ఫాక్టరైజేషన్ (మాట్రిక్స్‌ని సులువైన మాట్రిక్సుల లబ్ధంగా విడగొట్టడం) జరిగేకొద్దీ సున్నాలున్న చోట్లు నిండిపోతుంటాయి మరి. కాంజుగేట్ గ్రేడియంట్ మాట్రిక్స్‌ని మార్చదు, వెక్టర్‌తో గుణిస్తుంది, అంతే. పది లక్షల చలరాశులున్న 7 పాయింట్ల స్టెన్సిల్ మాట్రిక్స్ (ప్రతి బిందువూ తనతోనూ ఆరు పొరుగు బిందువులతోనూ మాత్రమే ముడిపడేది) వంద మెగాబైట్లలోపే ఇమిడిపోతుంది. దానిపైన కొన్ని వెక్టర్లకి చోటుంటే చాలు.

కానీ ఒంటరిగా వదిలితే ఇది నత్త. ఇటరేషన్ల సంఖ్య కండిషన్ నంబర్ (చిన్న తప్పు జవాబులో ఎంత పెద్దదవగలదో చెప్పే అంకె) వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి మెష్ సైజు సగం చేసిన ప్రతిసారీ ఇటరేషన్లు దాదాపు రెట్టింపు. ప్రీకండిషనర్లలో జాకోబీ, అంటే వికర్ణంతో భాగించడం, ఉచితంగా వచ్చేదే. స్టీలు పక్కన ఇన్సులేషన్ ఉన్నలాంటి లెక్కల్లో బాగానే పనికొస్తుంది, మెష్ సన్నబడినప్పుడు మాత్రం చేతులెత్తేస్తుంది. ఇన్‌కంప్లీట్ చోలెస్కీ (నిండే చోట్లని వదిలేసి చేసే ఉజ్జాయింపు ఫాక్టరైజేషన్) ఇటరేషన్లని తగ్గిస్తుంది గానీ ఆ రెట్టింపు జబ్బును నయం చేయదు. పైగా ఒక అడ్డువరుస తర్వాత ఒకటిగా సాగే పని కాబట్టి జీపీయూ మీద నీరసం. నిజంగా లెక్క మార్చింది ఆల్జీబ్రాయిక్ మల్టీగ్రిడ్, అంటే మాట్రిక్స్ నుంచే చిన్న చిన్న సమస్యల వరుసని తయారుచేసి వాటి సాయంతో సాధించడం. వేడి లెక్కల్లో మెష్ ఎంత సన్నబడినా ఇటరేషన్లు పదుల్లోనే ఆగుతాయి. సెటప్‌కి టైమూ మెమరీ ఎక్కువే, అయినా నా ఓటు దానికే.

స్థితిస్థాపకత లెక్కలకి మాత్రం డిఫాల్ట్ సెట్టింగులతో వదిలేయకండి. వస్తువు వంగకుండా, సాగకుండా కదిలే ఆరు రీతులుంటాయి, మూడు జరగడాలు, మూడు తిరగడాలు. వాటిని విడిగా అందిస్తేనే మల్టీగ్రిడ్ సరిగ్గా నడుస్తుంది. మాన్యువల్స్‌లో ఈ విషయం ఎక్కడో మూలన ఉంటుంది, ఎందుకో మరి!

రెసిడ్యువల్ (మన జవాబుని సమీకరణాల్లో పెడితే మిగిలే తేడా) పదిలక్షల వంతుకి పడిపోయిందని సంబరపడొద్దు. కండిషన్ నంబర్ కూడా పదిలక్షలే అయితే ఆ అంకె జవాబు గురించి ఏ హామీ ఇవ్వదు. పైగా స్క్రీన్ మీద కనబడే రెసిడ్యువల్ ఇటరేషన్ ఇటరేషన్‌కీ సవరించుకుంటూ వచ్చినది, రౌండాఫ్ (కంప్యూటర్ అంకెల్ని కుదించడం) వల్ల అసలు విలువకు మెల్లగా దూరమవుతుంది. చివర్లో ఒకసారి మాట్రిక్స్‌తో గుణించి విడిగా లెక్కేసుకుంటేనే నాకు టెన్షన్ తగ్గుతుంది.

మాట్రిక్స్ సిమెట్రిక్ (వికర్ణానికి రెండు వైపులా ఒకేలా), పాజిటివ్ డెఫినిట్ (ఐగెన్ విలువలన్నీ ధనాత్మకం) అయితేనే ఇదంతా. ద్రవాల ప్రవాహం వచ్చిందంటే సిమెట్రీ పోతుంది, అప్పుడు సిమెట్రీ అక్కర్లేని ఇటరేషన్ పద్ధతి, 1986 నాటి జీఎమ్‌రెస్ దిక్కు. అది పాత వెక్టర్లన్నీ దాచుకుంటుంది, కోటి చలరాశులకి ఒక్కో వెక్టర్ 80 మెగాబైట్లు. అందుకే 30 ఇటరేషన్లకోసారి మళ్లీ మొదలుపెట్టిస్తారు, అలా చేస్తే ఒక్కోసారి ఉన్నచోటే నిలిచిపోతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాల లెక్కలకైతే (హెల్మ్‌హోల్ట్జ్ సమీకరణం) ఇప్పటికీ మెమరీ ఎక్కువున్న మెషీన్ చూసుకుని డైరెక్ట్ సాల్వర్‌కే ఇస్తున్నాను.